బాహ్యాచారము – ఆంతరవిశ్వాసము : నంద్యాల క్రైస్తవ సంప్రదాయము ఆధారముగా ఒక విమర్శ

తెలుగున మతవిషయకమైన రచనలను పరిశీలించునపుడు మన విమర్శకులు సామాన్యముగా ఒక కొలబద్దను వాడుట కలదు. బాహ్యాచారమును నిరసించి హృదయశుద్ధిని బోధించిన రచన ఉత్తమము. ఆచారమును పాటింపుమని చెప్పిన రచన అధమము, కాకున్న మధ్యమము. పాల్కురికి సోమనాథుని బసవపురాణము మొదలు వేమన పద్యములవరకును, అచ్చటినుండి వీరబ్రహ్మముగారి తత్త్వములవరకును ఈ కొలబద్ద చక్కగనే పనిచేసినది. దీనినే క్రైస్తవసాహిత్యమునకును వర్తింపజేసి, గుడిగంట, సిలువగుర్తు, పండుగ, ప్రార్థనపుస్తకము ఇవి యన్నియు పైతొడుగులనియు, విశ్వాసమొక్కటే లోని సారమనియు చెప్పుట పరిపాటియైనది. ఈ తీర్పు సగము నిజము. తక్కిన సగమును గూర్చి విచారించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఇట్టి విచారణకు ఊరు, పేరు లేని ఉదాహరణములు చాలవు. ఒక సీమను, ఆ సీమలో జరిగిన ఒక సంఘటనను ఎదుట నుంచుకొనినగాని సిద్ధాంతపు నిగ్గు తేలదు. అందుచే మేము నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతమును గ్రహించుచున్నాము.

సీమ – పూర్వరంగము

చిరకాలము కర్నూలు జిల్లాలో భాగమై యుండి, 2022 ఏప్రిలులో నంద్యాల జిల్లాగా ఏర్పడిన ఈ సీమ దేవాలయముల సీమ. ఒకవైపు అహోబిలము, వేరొకవైపు మహానంది, యాగంటి. దక్షిణమున కడప జిల్లాలో బ్రహ్మముగారి మఠము. ఆళ్లగడ్డలో నేటికిని ఉలిచప్పుడు వినవచ్చుచునే యున్నది. అచ్చటి శిల్పులు చెక్కిన విగ్రహములు దూరప్రాంతములకు పోవుచున్నవి. సంక్రాంతి వచ్చినంతనే అహోబిల నారసింహుడు పారువేటకు బయలుదేరి, వారములకొలది చుట్టుపట్ల గ్రామములలో తిరుగును. స్వామియే ఊరూరికి వచ్చు ఈ యాచారమును మనము గుర్తుంచుకొనవలసి యున్నది. గుడి గడప దాటజాలని వారికి దేవుడే గడప దాటి వచ్చుట ఈ సీమవారు ఎఱిగిన సంగతి.

ఆళ్లగడ్డకు చేరువనున్న ముత్యాలపాడున 19వ శతాబ్ది మధ్యభాగమున ఎస్.పి.జి. అను పేరుగల ఆంగ్లికను మిషను నెలకొన్నది. తరువాతి కాలమున నంద్యాల వారికి ముఖ్యస్థానమైనది. నంద్యాలలోని ఎస్.పి.జి. ఉన్నతపాఠశాల ఆ పేరును నేటికిని నిలుపుచున్నది. ఈ మిషనులో చేరినవారిలో అత్యధికులు మాలలు. ఇదే జిల్లాలో పనిచేసిన అమెరికను బాప్తిస్టు మిషనులో చేరినవారిలో అత్యధికులు మాదిగలు. ఈ భేదముయొక్క ఫలితమును ముందు చూతము.

మిషనరీలు రాకపూర్వము ఈ ప్రజలు ఆచారమునకు బానిసలై యుండిరనియు, హృదయారాధనమును వారికి క్రొత్తగా నేర్పినది క్రైస్తవమే యనియు ఒక అభిప్రాయము కలదు. ఇది చరిత్రకు సరిపడదు. వీరబ్రహ్మముగారి బోధలు, రాజయోగుల బోధలు మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను అప్పటికే వ్యాపించియుండెను. ఒంగోలు బాప్తిస్టు మిషనున తొలివిశ్వాసులలో ఒకడైన ఎఱ్ఱగుంట్ల పేరయ్య క్రైస్తవుడగుటకు పూర్వము యోగమార్గమున గురువు నాశ్రయించినవాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి గురుశిష్యపరంపరలను గూర్చి విపులముగ వ్రాసినది. విగ్రహమున దేవుడు లేడు, లోపలనే యున్నాడు అను మాట ఈ పల్లెలకు క్రొత్తమాట కాదు. తంబురపై పాడుకొనిన పాతమాట.

మఱి వీరికి లోపించినదేమి? లోని భక్తి కాదు, వెలుపలి ప్రవేశము. దేవాలయమున నిలుచు హక్కు, గ్రంథమును చేతబట్టు హక్కు, పదిమందితో కలసి ఒకే పాత్రనుండి త్రాగు హక్కు. ఆచారము వ్యర్థమని చెప్పుట ఆచారము కలవానికి త్యాగము. ఆచారమే నిషిద్ధమైనవానికి ఆ మాట పస్తున్నవానికి ఉపవాసమహిమను వినిపించుట వంటిది. ఈ రహస్యమును మన సాహిత్యమున అందరికంటె స్పష్టముగ ఎఱిగినవాడు గుఱ్ఱము జాషువ. 1941 నాటి గబ్బిలమున కథానాయకుడైన అస్పృశ్యునికి లోపల భక్తి కొఱవడలేదు. గుడిలోనికి పోగలిగిన గబ్బిలమును బతిమాలి, తన మొఱను కాశీలోని శివునికి వినిపింపుమని పంపును. పక్షికి లేని అడ్డు మనుష్యునకు కలదు. దేవుడు హృదయమున నున్నాడు గదా, గుడి యెందుకని ఆ మనుష్యునితో అనువాడు వేదాంతి కావచ్చును. న్యాయవేత్త మాత్రము కాడు.

ఆంగ్లికను సంఘము ఈ ప్రజలకు ఇచ్చినది ముఖ్యముగ ఆచారమే. ప్రాతఃకాలప్రార్థన, సాయంకాలప్రార్థన, పండుగల పట్టిక, మోకాళ్లూనుట, లేచి నిలుచుట, పాత్రను అందుకొనుట. చదువురానివారును విని విని కంఠస్థము చేసిన ప్రార్థనపుస్తకము అనేకుల యింట అడుగిడిన మొదటి గ్రంథములలో నొకటి. దీనిని పైతొడుగని త్రోసివేయుటకు ముందు, తొడుగుకొనుటకు ఏమియు లేనివారి చేతికి అది వచ్చినదను సంగతిని విమర్శకుడు ఆలోచింపవలెను.

ఆక్షేపము ఎవరిపై?

ఇక రచనలను పరిశీలింతము. బాహ్యాచారమును గూర్చిన సాహిత్యమున మూడు స్వరములు కలవని మా అభిప్రాయము.

మొదటిది మధ్యమపురుషస్వరము. వేమన దీనికి ప్రతినిధి. కవి ఎదుటివాని బొట్టును, బోడితలను, తీర్థయాత్రను చూపి ప్రశ్నించును. వాని పదును అసాధారణమైనది. కాని దీనియందొక ప్రమాదము కలదు. పద్యమును చదువువాడు తనను వేమన పక్షమున నిలుపుకొనును. ఆక్షేపింపబడినవాడు సర్వదా పొరుగువాడే యగును. ఆచారఖండనమును వల్లెవేయుట తానే ఒక ఆచారమగును. బడులలో వేమన పద్యములను తరతరములుగ అప్పజెప్పుచున్నాము. అందువలన ఆడంబరము తగ్గిన జాడ కనబడదు.

రెండవది ఉత్తమపురుష ఏకవచనస్వరము. పురుషోత్తమ చౌధరి కీర్తనలు దీనికి ఉదాహరణము. 1803లో జన్మించి 1890లో గతించిన ఈ కవి బ్రాహ్మణవంశమున పుట్టి 1833లో బాప్తిస్మము పొందెను. కర్ణాటకసంగీతపు రాగతాళములలో ఆయన కూర్చిన కీర్తనలు సంఘభేదము లేక తెలుగు క్రైస్తవులందఱు పాడుకొనుచున్నారు. వానిలో దోషి యెవరు? పాడువాడే. కవి తన నేరమును తానే యొప్పుకొని కరుణను వేడుకొనును. ఆచారములన్నియు చేతిలో నుండగా వదలివచ్చినవాడగుటచే ఆయన లోచూపు సహజమైనది, దానికి మూల్యమును ఆయనయే చెల్లించెను. కాని ఈ స్వరమునకును ఒక పరిమితి కలదు. నా పాపము, నా రక్షణ అనుచోట పల్లె కనబడదు. పల్లె చేసిన అన్యాయము కనబడదు.

మూడవది ఉత్తమపురుష బహువచనస్వరము. ప్రార్థనపుస్తకము దీనికి ఉదాహరణము. అందలి పాపపు ఒప్పుకోలును గురువు ఒక్కడు చెప్పడు, విశ్వాసి ఒక్కడు చెప్పడు. అందఱును కలసి మేము అని చెప్పుదురు. భూస్వామియు కూలివాడును, దొరయు బంట్రోతును ఒకే వాక్యమున ఒకే క్రియకు కర్తలగుదురు. దోషమును పొరుగువానిపై నెట్టుటకు వ్యాకరణమే అవకాశమీయదు. సాహిత్యదృష్టితో చూచినచో ప్రార్థనపుస్తకపు తెలుగు అనువాదపు బిగువుతో కూడినది; వాక్యములు దీర్ఘములు; వానియందు కీర్తనల సౌకుమార్యము లేదు. అయినను ఈ మేము అను కర్తృపదముచే అది మన భక్తిసాహిత్యమునకు అరుదైన ఒక గుణమును చేర్చినదని మేము తలంచుచున్నాము. ఇందలి ప్రమాదము వేఱు. పెదవులు మేమనుచుండగా మనస్సు వారనుచుండవచ్చును. కంఠస్థమైన ఒప్పుకోలు కంఠమునందే నిలిచిపోవచ్చును.

క్రీస్తు పరిసయ్యులను తూలనాడిన ఘట్టమును ఆచారఖండనమునకు ప్రమాణముగ చూపుట కలదు. మత్తయి సువార్త 23వ అధ్యాయమును నిదానించి చదివినచో అచ్చట ఖండింపబడినది చిన్నయాచారమును పట్టుకొని న్యాయమును, కనికరమును విడిచిన పద్ధతియే. పెద్దవానిని చేయవలెను, చిన్నవానిని మానకుండవలెను అనునదే అందలి తాత్పర్యము. లూకా సువార్త 18వ అధ్యాయపు ఉపమానమున పరిసయ్యుడును సుంకరియు ఇద్దఱును దేవాలయమునకే పోయిరి. సుంకరి యింట కూర్చుండి మనస్సులోనే మ్రొక్కుకొనలేదు. నిలిచిన చోటు, వంచిన తల, రొమ్ము కొట్టుకొనిన చేయి ఇవి యన్నియు బాహ్యములే. భేద మొక్కటే: ఒకడు పొరుగువానిని వ్రేలితో చూపెను, వేరొకడు తన రొమ్మును చూపుకొనెను. అనగా ఆచారము కలదా లేదా యనునది ప్రశ్న కాదు; ఆ యాచారమున చేయి ఎటు తిరిగినది యనునదే ప్రశ్న.

1947

ఈ ప్రశ్నను ఈ సీమచరిత్రకే వేయుదము. 1919 నాటి తరంగంబాడి ప్రకటనతో దక్షిణదేశపు ప్రొటెస్టెంటు సంఘముల ఐక్యమునకై ప్రయత్నము మొదలైనది. ఆ సమావేశమున ప్రముఖుడు వి.ఎస్. అజరయ్య. ఆయన 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పుగ 1945 జనవరి 1వ తేది తన మరణమువరకు దోర్నకల్ అధ్యక్షమండలమును పాలించెను. నంద్యాల ప్రాంతపు ఎస్.పి.జి. సంఘములు ఆ మండలములోనివే. ఎట్టకేలకు 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెంట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనలు సంప్రదాయములకు చెందిన దక్షిణ ఇండియా ఐక్యసంఘమువారు కలసి దక్షిణ ఇండియా సంఘముగ ఏర్పడిరి. దోర్నకల్ మండలము అందు చేరినది. నంద్యాల చేరలేదు.

కారణము గురువుల అభిషేకమునకు సంబంధించినది. అపొస్తలులనుండి పరంపరగ వచ్చిన బిషప్పు చేయి శిరస్సుపై నుంచినగాని గురుత్వము సిద్ధింపదని ఆంగ్లికనులలో ఒక వర్గమువారి విశ్వాసము. క్రొత్తసంఘమున ఇకముందు బిషప్పులే అభిషేకము చేయుదురు. కాని అదివరకే తక్కిన సంఘములలో నియమితులైన గురువులను మరల అభిషేకింపకయే స్వీకరింతురు. ఇందుకు ముప్పది సంవత్సరముల సంధికాలము నిర్ణయింపబడినది. మనస్సాక్షికి విరుద్ధమైన గురువును ఏ సంఘముపైనను బలవంతముగ రుద్దబోమని వాగ్దానమును చేయబడినది. నంద్యాలవారికి ఇది చాలలేదు. వారు కలకత్తా మెట్రోపాలిటను ఆశ్రయముననే నిలిచిరి. 1963లో నంద్యాల ప్రత్యేక అధ్యక్షమండలమైనది. తుదకు 1970 దశకమున దక్షిణ ఇండియా సంఘమున చేరినది.

దీనిని ఎట్లు తీర్పుతీర్చవలెను? పాతకొలబద్ద వెంటనే జవాబు చెప్పును: చేయి వేయుట అను బాహ్యకర్మకై సోదరులను విడిచిరి, కావున ఇది ఆచారమౌఢ్యము. ఇంకను లోకజ్ఞులు వేఱొక కారణమును చూపుదురు. ఎస్.పి.జి. సొసైటీ తన సామాన్యనిధినుండి క్రొత్తసంఘమునకు ధనమీయక ప్రత్యేకనిధి నేర్పాటు చేసినది. బడులు, ఆస్పత్రులు, ఉపదేశకుల జీతములు ఆ ధనముపై ఆధారపడియుండెను. కావున ఇది విశ్వాసము కాదు, జీవనోపాధి యని వారి వాదము. ఈ వాదమున సత్యాంశము కలదు. కాని పేదవాని నిర్ణయమున అన్నము కనబడగనే విశ్వాసము లేదని తేల్చుట, ధనికుని నిర్ణయమున అన్నము కనబడనంతనే విశ్వాసము కలదని తేల్చుటతో సమానము. రెండును తొందరపాటులే.

మా దృష్టిలో నంద్యాలవారి పట్టుదల అర్థరహితము కాదు. ఎవని చేయియు తలపై నుంచుటకు ఒప్పుకొనని సమాజమున పుట్టినవారికి బిషప్పు చేయి తలపై పడుట కేవలచిహ్నము కాదు. తాకబడుటయే వారికి సువార్త. ఆ చేయి నిజమైనదా, పరంపర తెగినదా అని వారు ఆరాటపడుట మనకు చాదస్తముగ తోచవచ్చును. వారికి అది ప్రాణప్రశ్న. ఆళ్లగడ్డ శిల్పి చెక్కినది నేత్రోన్మీలనము, ప్రాణప్రతిష్ఠ జరుగువఱకు శిలయే యని మనవారందురు. నిజమే. కాని ప్రాణము ప్రతిష్ఠింపబడుటకును ఒక శిల కావలసియున్నది గదా!

అయినను మా విమర్శ ఇచ్చటితో ముగియదు. అజరయ్య తన మండలమున సంచరించునపుడు విశ్వాసులచేత తమ చేతిని తమ తలపైననే ఉంచుకొనజేసి, సువార్తను ప్రకటింపకున్న తమకు శ్రమయని పలికించెడివాడు. ఇది బాహ్యకర్మయే, బాధ్యత మాత్రము కర్తపైననే పడుచున్నది. 1950లో దక్షిణ ఇండియా సంఘము క్రొత్త ప్రభురాత్రిభోజన క్రమమును ప్రకటించినది. అందు సిరియను క్రైస్తవుల సంప్రదాయమునుండి గ్రహించిన సమాధానచిహ్నము కలదు: ప్రక్కవాని చేతులను తన చేతులతో పట్టుకొని సమాధానమును అందించుట. అంటరానితనము పాటించిన దేశమున ఇంతకంటె గంభీరమైన బాహ్యకర్మ వేఱొకటి యుండదు. మూడు చేతులు మన యెదుట నున్నవి: తలపై బిషప్పు చేయి, తన తలపై తన చేయి, పొరుగువాని చేతిలో చేయి. మొదటిదానిని కాపాడుటకై నంద్యాల మూడవదానికి పావుశతాబ్దికి పైగా దూరముగ నిలిచినది. ఆచారము ఉండుట దోషము కాలేదు. ఆచారములలో ఏది పెద్దదో మఱచుటయే దోషమైనది.

ఈ దోషము నంద్యాలకే పరిమితము కాదు. మాలలు ఒక మిషనున, మాదిగలు వేఱొక మిషనున చేరుటచే కులభేదము సంఘభేదముగ రూపుమార్చుకొనినది. రెండు సంఘములును విశ్వాసము హృదయమునకు సంబంధించినదని బోధించినవి. పెండ్లిసంబంధములవద్ద మాత్రము హృదయము కులము నడిగినది. ఆచారములు స్వల్పముగనున్న బాప్తిస్టులకును, ఆచారసంపన్నులైన ఆంగ్లికనులకును ఈ విషయమున భేదము లేకపోవుట గమనింపదగినది. బాహ్యాచారమును తగ్గించినంతమాత్రమున ఆంతరశుద్ధి పెరుగదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ధ్రువపత్రము – సాక్ష్యము

ఈ ప్రశ్నకు నేటికాలపు రూప మొకటి కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులముల హోదా మొదట హిందువులకే పరిమితమైనది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరింపబడినది, క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రమున షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతులలో సి వర్గమున చేర్చబడిరి. బాప్తిస్మపు జాబితాలో పేరెక్కినచో చదువున, ఉద్యోగమున ఒక రక్షణ పోవును. పల్లెలో అవమానము మాత్రము పోదు. అందుచే ఆరాధనకు పోవుచును కాగితముపై హిందువులుగ నుండువారు కలరు. వీరిని కపటులనుట సులభము.

కాని పరిసయ్యునితో పోల్చి చూతము. పరిసయ్యునికి వెలుపల మతము కలదు, లోపల లేదు. వీరికి లోపల మతము కలదు, వెలుపల చెప్పుకొను వీలులేదు. బాహ్యచిహ్నమునకు ప్రభుత్వము వెల నిర్ణయించినపుడు, ఆ వెల చెల్లింపలేనివానిని విశ్వాసహీనుడనుటకు మనకు అధికారము లేదు. ఆ వెలను చెల్లించి తన పేరును తానుగ వ్రాయించుకొనినవానిని ఆచారపరుడని తేలికచేయుటయు తగదు. అతని విషయమున ఆ బాహ్యచిహ్నమే అంతరంగమునకు పరీక్షయైనది. క్రీస్తుచరిత్ర వ్రాసి 1964లో సాహిత్య అకాడమి పురస్కారము నందుకొనిన జాషువ, ఆ క్రీస్తు సంఘముననే కులమును చూచి బాధపడినవాడు. ఆయన కవిత్వమున విశ్వాసమును, సంఘవిమర్శయు ఒకే హృదయమునుండి వెలువడినవి. విశ్వాసమున్నచోట విమర్శ యుండరాదనువారును, విమర్శించువానికి విశ్వాసము లేదనువారును ఆయనను సరిగ చదువలేరు.

ఉపసంహారము

పై విచారణవలన తేలినదేమన, బాహ్యము, ఆంతరము అను విభాగమొక్కటే ఈ సాహిత్యమును తూచుటకు చాలదు. ఒక రచన ఆచారమును గూర్చి పలికినపుడు విమర్శకుడు మూడు ప్రశ్నలు వేయవలెను. ఆ యాచారము పలుకువానికి అందుబాటున నున్నదా, నిషిద్ధమా? అందలి ఆక్షేపము పొరుగువానిపైననా, తనపైననా, అందఱిపైననా? ఆ యాచారము పొరుగువానిని దగ్గఱకు చేర్చినదా, దూరము చేసినదా? ఈ మూడింటికిని జవాబు చెప్పుకొనిన పిమ్మటనే కపటమనియు, నిష్కపటమనియు తీర్పు చెప్పుట న్యాయము.

ముత్యాలపాడు, నంద్యాల ప్రాంతములలో వృద్ధులు కంఠస్థముగ పాడు పాటలు, ప్రార్థనలు, పండుగపద్ధతులు విశ్వవిద్యాలయముల దృష్టికి రావలసినంతగ రాలేదు. అవి వ్రాతకెక్కనివి, పాడువారితోడనే పోవునవి. అన్నమయ్య పదములకును, బ్రహ్మముగారి తత్త్వములకును చూపిన శ్రద్ధలో కొంతయైన వీనికి చూపుట తెలుగుశాఖల బాధ్యత. మతాభిమానముచే గాక, ఇవియు తెలుగువారి నోట తెలుగున పుట్టినవను కారణముచేతనే మేమీ మాట చెప్పుచున్నాము. పరిశోధకులు పూనుకొందురు గాక.